ఛాతీ దెబ్బలకు ఎక్స్‌రే, స్కానింగ్: అపోహలు, వాస్తవాలు

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో అత్యవసర వైద్యుణ్ణి. ఘాట్ రోడ్డు మలుపులో బండి జారినవారు, కొబ్బరిచెట్టు మీంచి పడినవారు, ఎద్దు కుమ్మినవారు మా దగ్గరికి వస్తుంటారు. ఆంధ్రలోని పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చేవారూ ఉంటారు. బంధువులు తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా తరచూ వినే ప్రశ్న ఒకటే: “ఎక్స్‌రే బాగానే ఉంది కదండీ, ఇంటికి తీసుకుపోవచ్చా?”

అపోహ: ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోతే లోపల ఏమీ కానట్టే.

వాస్తవం: వెన్నుకు కూడా దెబ్బ తగిలిందేమోనన్న అనుమానంతో ఇలాంటివారికి పడుకోబెట్టే ఎక్స్‌రే తీస్తాం. వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి ఛాతీ ముందువైపుకు తేలుతుంది, రక్తం వీపు వైపు పల్చగా పరుచుకుంటుంది. నిలబెట్టి తీస్తే 200 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం ఊపిరితిత్తి అడుగు మూలను పూడ్చి బయటపడుతుంది. పడుకోబెట్టి తీసిన ఫిల్ములో అంతకు రెండింతలున్నా ఒక పక్క కాస్త మసకగా మాత్రమే కనబడవచ్చు. పక్కటెముకల విరుగుళ్ళలో దాదాపు సగం మామూలు ఎక్స్‌రేకు చిక్కవు. నలిగిన ఊపిరితిత్తి మచ్చ కొన్ని గంటలకు గానీ తేలక, 24 నుంచి 48 గంటల్లో ముదరవచ్చు. అందుకే ఆయాసం, నొప్పి ఉన్న మనిషిని, ముఖ్యంగా 65 దాటినవారిని, ఫిల్ము శుభ్రంగా ఉన్నా ఉంచి చూస్తాం, అవసరమైతే మళ్ళీ తీస్తాం.

అపోహ: అల్ట్రాసౌండ్ గర్భిణులకే.

వాస్తవం: మా గదిలో ఛాతీ దెబ్బకు మొదట చేతికి వచ్చేది అల్ట్రాసౌండ్ ప్రోబే, అంటే ఒంటిమీద ఆనించే పరికరమే. దాన్ని ఛాతీ మీద నిలువుగా ఆనిస్తే రెండు పక్కటెముకల నల్లని నీడల మధ్య ఒక తెల్లని గీత కనబడుతుంది; ఊపిరి తీసినప్పుడల్లా అది మిలమిలలాడుతూ అటూ ఇటూ జారుతుంది. ఆ జారుడు లేకపోతే ఊపిరితిత్తిని కప్పే పొరల మధ్య గాలి చేరిందని అనుమానించాలి. ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిని పట్టుకోవడంలో, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే కంటే ఇది మెరుగు. అదే ప్రోబుతో గుండె చుట్టూ, పొట్టలో రక్తం ఉందేమో కూడా రెండు మూడు నిమిషాల్లో చూస్తాం. కింది పక్కటెముకలు విరిగినవారిలో ప్లీహం, కాలేయం చిట్లే ప్రమాదం ఉంటుంది గనుక ఈ చూపు తప్పనిసరి.

అపోహ: ఫొటో లేకుండా చికిత్స మొదలుపెట్టకూడదు.

వాస్తవం: బీపీ పడిపోయి, ఒకవైపు శ్వాస శబ్దం వినబడక, మెడ నరాలు ఉబ్బి, రోగి గిలగిలలాడుతుంటే, ఛాతీలో చేరిన గాలి ఒత్తిడి గుండెకు రక్తం చేరకుండా అడ్డుకుంటోందని అర్థం. అప్పుడు ఎక్స్‌రే గదికి పంపడం ప్రాణం మీదికి తేవడమే. గాలిని ముందు బయటికి వదలాలి.

అపోహ: సీటీ తీస్తే క్యాన్సర్ వస్తుంది, లేదా, అందరికీ సీటీ తీయాల్సిందే.

వాస్తవం: ఛాతీ సీటీలో రేడియేషన్ సుమారు 7 మిల్లీసీవర్టులు, మామూలు ఎక్స్‌రేలో 0.1. తేడా పెద్దదే, కాబట్టి కారణం ఉండాలి. అయితే వేగంగా వెళ్తూ గుద్దుకున్నవారిలో బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) చిరిగిందేమో తేల్చేది రంగుమందు ఎక్కించి తీసే సీటీయే, అక్కడ వెనకాడకూడదు. బీపీ నిలవని రోగిని మాత్రం ఆ యంత్రంలోకి పంపకూడదు.

బరంపురానికో శ్రీకాకుళానికో పంపాల్సి వస్తే, గాలి చేరినట్టు తేలిన రోగికి చాలాసార్లు ముందే ఆ గాలి బయటికి పోయేలా ఛాతీలో గొట్టం వేసి, ఫిల్ము మీద తీసిన సమయం రాసి, చేతికిచ్చి పంపుతాం. దయచేసి ఆ కవరును అంబులెన్సులో మరచిపోకండి. అక్కడి వైద్యులు తమ ఫిల్మును దాని పక్కన పెట్టి చూస్తేనే దెబ్బ ముదిరిందో లేదో తెలుస్తుంది.