సవరల మతం మార్పు: 1936 మలుపు

మతం మారిన గిరిజనులను ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలన్న డిమాండ్ మళ్లీ ముందుకొచ్చింది. శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస కొండల్లోని సవర గిరిజనుల ఊళ్లలో మళ్లీ టెన్షన్. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 1936లో పర్లాకిమిడికి వెళ్లాలి.

అక్కడ అంతకు చాలా ముందే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. మలేరియాకు మింగిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. అయినా ఆ పని మానలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోవడంతో ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగు లిపి దారి అక్కడే సన్నగిల్లిందని నా నమ్మకం.

అదే ఏడాది మంగేయి గొమాంగో సవరలకు సొంత లిపి తయారుచేశారు. ఆ అక్షరాలనే దేవుడిగా కొలిచే మతం ఒకటి మొదలైంది. ఒడిశా కొండల్లోని సెరంగో వైపు కెనడా బాప్టిస్టు క్రైస్తవ మిషనరీలు రోమన్ లిపిలో సవర పాటలూ సువార్తలూ చదవడం నేర్పారు, ఆసుపత్రి పెట్టారు. ఎవరి దగ్గర అక్షరం దొరికితే పిల్లలు వాళ్ల దేవుడి దగ్గరికి నడిచారు.

దీనికి అప్పు తోడైంది. పాత ఆచారంలో మనిషి పోతే రాయి పాతాలి, దున్నపోతును బలివ్వాలి. దున్నను షావుకారు దగ్గర అప్పు చేసి కొనాలి. వడ్డీ కింద చింతపండూ పోడు పంటా పోయేవి. చర్చికి వెళ్లేవాళ్లను అడిగితే ముందు చెప్పేది ఈ మాటే: "దున్న అప్పు తప్పింది బాబూ." పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు. పాత ఆచారంలో చనిపోయిన అమ్మ ఎజ్జోడి (పూనకంలో పోయినవాళ్ల మాట పలికే సవర పూజారి) నోట పలికేది. ఆ మాటలు ఇప్పుడు వాళ్లకు లేవు.

ఆచారం వదిలినవాళ్లకు రిజర్వేషన్ ఎందుకన్నది అవతలివాళ్ల వాదన. కానీ ఎస్సీల 1950 ఉత్తర్వులో ఉన్న మతం షరతు ఎస్టీల ఉత్తర్వులో లేనే లేదు. పైగా చర్చికి వెళ్లినంత మాత్రాన సవర భాషా పోలేదు, పోడూ పోలేదు, పేదరికమూ పోలేదు.

మెళియాపుట్టి దగ్గర ఓ ఇంట్లో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో గీసిన పాత ఆచారపు బొమ్మలు సగం చెరిగి ఉన్నాయి. పక్కనే మేకుకి చర్చి క్యాలెండర్. కింద పెట్టె మీద పిల్లల తెలుగు పుస్తకాలు, వాటి పైన చినిగిన పాటల పుస్తకం. ఆ ఇంట్లో సవర భాషలో అచ్చయిన కాగితం అదొక్కటే.