చుట్టిన పటం, పరిచిన తాడు

హనుమకొండ నుంచి ఒక మేనత్త అడిగారు: "మా తమ్ముడు వాళ్లు డాలస్ పోయి ఏడాదైంది. పదమూడేళ్ల పిల్ల, బడి మాట ఎత్తితే తలుపేసుకుంటది. ఏం జరిగిందో చెప్పించాల్నా, ఊకుండాల్నా? కెలికితే పుండు పెద్దదైతదేమో!"

కెలకడం వేరు, విప్పడం వేరు. చేర్యాల పటం, అదే కథ చెప్పేవాళ్లు విప్పి చూపే పొడుగాటి బొమ్మల గుడ్డ, చూశారు కదా? చుట్టి పెడితే బొమ్మలన్నీ ఒకదాని మీదొకటి అణిగి ఉంటాయి. పాండవుల కథే అనుకోండి, లక్క ఇంటి మంట పోయి ద్రౌపది స్వయంవరానికి అంటుకుంటుంది. కథకుడు గడి గడి విప్పుతూ పోతే మంట తర్వాత సొరంగం, సొరంగం తర్వాత అడవి. మంట చెరిగిపోలేదు. దానికి ముందూ వెనకా వచ్చాయి, అంతే.

బాగా భయపడ్డప్పుడు మెదడులో పటం చుట్టుకుపోతుంది. చప్పుడు, వాసన, గుండెదడ, వీటిని మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాల గట్టిగా పట్టేస్తుంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది కూర్చే హిప్పోకాంపస్ ఆ ఒత్తిడిలో తడబడుతుంది. అందుకే ఎన్నాళ్లయినా ఒక చిన్న చప్పుడుకే అదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లు బిగుసుకుంటుంది.

జర్మనీలోని కోన్‌స్టాంజ్‌లో మనస్తత్వ నిపుణులు శరణార్థుల కోసం నరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ, అంటే జరిగినదాన్ని వరసగా కథలా చెప్పించే చికిత్స, తయారుచేశారు. పిల్లల కోసం మలిచిన రూపం కిడ్‌నెట్. నేల మీద తాడు పరుస్తారు. ఒక కొస పుట్టుక. మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి. రెండో కొసన కొంత తాడు చుట్టగానే వదిలేస్తారు, అది రాబోయే కాలం. తర్వాత వరసగా ఒక్కో రాయి దగ్గర ఆగుతారు. ఏం కనిపించింది? ఒంట్లో ఏమనిపించింది? ఆ తర్వాత ఏమైంది? ఈ చివరి ప్రశ్నే నాకిష్టం. సొరంగం గడి అదే.

మేనత్తగారి అనుమానమూ ఉత్తది కాదు. 1986లో మనస్తత్వ పరిశోధకులు పెన్నెబేకర్, బీల్ ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. మనసును గాయపరిచిన ఘటనను భావాలతో సహా రాసినవాళ్లకు ఆ పూట బాధ పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఆ తర్వాతి పరిశీలనల్లో, రోజులు గడిచేకొద్దీ "ఎందుకంటే", "అప్పుడర్థమైంది" లాంటి మాటలు పెరిగినవాళ్లే ఎక్కువ బాగుపడ్డట్టు తేలింది.

దిష్టి మీద నాకు నమ్మకం లేదు. కానీ మా నాయనమ్మ మిరపకాయలు తిప్పుతూ "ఎటు పోయినవ్, ఎవలెవలున్నరు" అని అరగంట అడిగేది. మిరపకాయల కన్నా ఆ అరగంటే పనిచేసిందని నా అనుమానం.

కొత్త బడి యుద్ధం కాదు, తాళ్లూ రాళ్లూ అక్కర్లేదు. పిల్లకు నిద్ర పట్టకపోయినా, బడి మానేసినా శిక్షణ ఉన్నవాళ్లకే చూపించాలి. అలాంటివేం లేకపోతే, వీడియో కాల్‌లో "స్కూల్ ఎట్లుంది బిడ్డా" అనకండి, "బాగుంది" అని ఊరుకుంటుంది. మొదటి రోజు బస్సులో ఏ సీట్లో కూర్చుందో అడగండి. చెప్పనంటే వదిలేయండి. ఇంతకీ, మీరు మొదటిసారి హాస్టల్లో పడుకున్న రాత్రి సంగతి ఆ పిల్లకు ఎప్పుడైనా చెప్పారా?