అర్ధరాత్రి తీసే రక్తపు చుక్క

బోదకాలు ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి డాక్టరే అక్కర్లేదు, ఎవరైనా చెప్పేస్తారు. చిక్కల్లా, కాలు అంత వాచాక రక్తం పరీక్షిస్తే చాలామందిలో ఈ జబ్బు తెచ్చే పురుగుల పిల్లలు ఒక్కటీ కనబడవు. అవి దండిగా దొరికేది వాపూ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ల రక్తంలోనే. ఈ జబ్బును ముందే పట్టుకోవడమంటే, తనకది ఉందని తెలియని మనిషిని వెతికి పట్టుకోవడమే.

వెతకడానికీ ఒక వేళ ఉంది. దారప్పోగుల్లాంటి పెద్ద పురుగులు శోషరస నాళాల్లో (లింఫ్ అనే ద్రవం పారే సన్నటి గొట్టాల్లో) ఆరేడేళ్లు కాపురముంటాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు పగలంతా ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో దాక్కుని, రాత్రయ్యాక చర్మం దగ్గరికి వస్తాయి. వాటిని మోసుకెళ్లే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే మరి. పగలు కుట్టే దోమలు ఈ జబ్బును మోసే పసిఫిక్ దీవుల్లో ఈ పిల్లలు పగలు కూడా రక్తంలో దొరుకుతాయి! ఈ రాత్రి సంచారాన్ని 1870లలోనే చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన ప్యాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండ్ వైద్యుడు గమనించాడు.

అందుకే రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య వేలికి సూది గుచ్చుతారు. మూడు చుక్కలు గాజు పలక మీద మందంగా పూసి, ఆరాక నీళ్లలో ముంచితే ఎర్రకణాలు పగిలి ఎరుపంతా పోతుంది. గీమ్సా రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, ఊదారంగు చుక్కలు గుచ్చిన మెలికల దారం కనబడుతుంది. పొడవు మిల్లీమీటరులో పావు వంతు. ఈ జబ్బు తెచ్చే పురుగుల్లో రకాలున్నాయి: తోక చివర చుక్కలు లేకపోతే అది ఊచరేరియా, ఉంటే బ్రూజియా. పద్ధతి మంచిదే, కానీ హాయిగా నిద్రపోతున్నవాణ్ణి, అదీ ఏ జబ్బూ లేదనుకునేవాణ్ణి లేపి సూది గుచ్చుతామంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఈ బాధను యాంటిజెన్ స్ట్రిప్ అనే పరీక్ష పట్టీ తప్పించింది. పెద్ద పురుగులు విడిచే పదార్థం (అదే యాంటిజెన్) రక్తంలో రాత్రీ పగలూ ఉంటుంది కాబట్టి ఎప్పుడు తీసినా ఒకటే. 75 మైక్రోలీటర్ల రక్తం, 10 నిమిషాలు. గడియారం మీద కన్నేసి ఉంచాలి, ఆలస్యంగా చూస్తే జబ్బు ఉందని చెప్పే గీత లేనిచోట కూడా కనబడొచ్చు. బ్రూజియా మాత్రం దీనికి దొరకదు. దానికి, పురుగును ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీల పరీక్ష చేయాలి.

నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది అల్ట్రాసౌండ్. ఏ లక్షణాలూ లేని మగవాళ్ల వృషణాల దగ్గరి శోషరస నాళాల్లో బతికున్న పురుగులు మెలికలు తిరుగుతూ తెర మీద కనబడతాయి. వైద్యులు దీనికి ‘ఫైలేరియా డాన్స్’ అని పేరు పెట్టారు. మందు వాడాక పెద్ద పురుగులు చచ్చాయా లేదా అన్నది కూడా ఆ డాన్స్ ఆగిందో లేదో చూసే చెబుతారు.