తనిఖీ ముద్ర పడినా తప్పించుకునే పురుగు: ట్రైకినెల్లా నేపథ్యం

లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో శవాలు కోసేవారికి ఒక చికాకు ఉండేది. కొన్ని శవాల కండల్లో ఇసుక రేణువుల్లాంటి తెల్లటి చుక్కలు తగిలి కత్తి పదును పోయేది. ఎముక నలుసులని సరిపెట్టుకునేవారు. 1835లో జేమ్స్ పేజెట్ అనే మొదటి సంవత్సరం విద్యార్థి ఆ చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే, లోపల చుట్ట చుట్టుకుని ఒక పురుగు పడుకుని ఉంది. దానికి ట్రైకినా అని పేరు పెట్టింది మాత్రం జీవశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. ఆ పేరు అంతకుముందే ఒక ఈగకు పెట్టేశారని తేలడంతో 1895లో ట్రైకినెల్లాగా మార్చారు.

అది మనిషికి హాని చేస్తుందని తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. మధ్యలో, 1846లో, అమెరికాలో జోసెఫ్ లైడీ అదే పురుగును పంది మాంసంలో చూశారు. 1860 జనవరిలో డ్రెస్డెన్ ఆసుపత్రిలో టైఫాయిడ్ అనుకున్న ఒక పనిమనిషి చనిపోయింది. ఫ్రెడరిక్ జెంకర్ శవపరీక్ష చేస్తే కండల నిండా పిల్లపురుగులు, పేగులో పెద్ద పురుగులు కనిపించాయి. ఆరా తీస్తే పంది మాంసం దగ్గర తేలింది.

పురుగు ఒంట్లోకి చేరే దారి ఇది. ఉడకని మాంసంలో పిల్లపురుగు చుట్టూ ఉన్న తిత్తిని కడుపులోని ఆమ్లం, పెప్సిన్ అనే జీర్ణరసం కరిగిస్తాయి. బయటపడ్డ పిల్లపురుగు చిన్నపేగు గోడలోకి దూరి, రెండు రోజులు తిరగకుండానే పెద్దదవుతుంది. ఆడపురుగు పొడవు మూడు మిల్లీమీటర్లే. అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది, అదీ వందల్లో. అవి రక్తంలో కొట్టుకుపోయి కండల్లో దిగుతాయి. కండ కణాన్ని తమకు అన్నం పెట్టే గూడుగా మార్చుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. మొదటి రెండు రోజుల్లో విరేచనాలు, వాంతులు. రెండో వారం నుంచి జ్వరం, కండల నొప్పి, కనురెప్పల వాపు. ఈ వాపు చూసి కూడా అలర్జీ అనుకుని వదిలేయడం మామూలే. నులిపురుగుల మందు ఆల్బెండజోల్, పురుగు పేగులో ఉన్న దశలో బాగా పనిచేస్తుంది. కండల్లో స్థిరపడ్డాక పురుగు దానికి అంతగా లొంగదు. అందుకే రోగం ముదిరితే మంటను అణచడానికి స్టెరాయిడ్లు కలిపి ఇస్తారు.

1865లో జర్మనీలోని హెడర్స్‌లెబెన్ అనే చిన్న ఊళ్లో మూడు వందల మందికి పైగా జబ్బుపడి, 101 మంది చనిపోయారు. అక్కడ పంది కీమా పచ్చిగానే తినేవారు. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో పట్టుబట్టడంతో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో మాంస తనిఖీ మొదలైంది. రెండు గాజుపలకల మధ్య ఓట్ గింజంత కండముక్కలు నొక్కి మైక్రోస్కోపులో చూడటమే పని. తర్వాత ఇది వ్యాపార గొడవ కూడా అయింది. పురుగు సాకుతో ఇటలీ 1879లో, జర్మనీ మరుసటి ఏడాది నుంచి అమెరికా పంది మాంసంపై ఆంక్షలు పెట్టాయి. ఎగుమతి కోసం 1891లో అమెరికా కూడా మైక్రోస్కోపులు పట్టింది. 1906లో మానేసింది. ముద్ర పడిందన్న భరోసాతో జనం సరిగా ఉడికించరన్న వాదన అప్పుడు బలంగా వినిపించింది. మా లెక్కలో ఆ వాదనలో పస ఉంది.

ఇప్పటి యూరోపియన్ పద్ధతి వేరు, కడుపులో జరిగినట్టే మాంసాన్ని కరిగించి పురుగును వెతకడం. ఒక్కో పందికి డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండ) మొదలు నుంచి ఒక గ్రాము చొప్పున వంద పందుల నమూనా కలుపుతారు. 46–48 డిగ్రీల రెండు లీటర్ల నీటిలో 25 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 16 మిల్లీలీటర్లు, తర్వాత పెప్సిన్ పది గ్రాములు వేసి, మాంసం కలిపి 30 నిమిషాలు తిప్పుతారు. 180 మైక్రాన్ల జల్లెడ పట్టి, అరగంట తేరనిచ్చి, అడుగున చేరింది చూస్తారు. జల్లెడలో కరగని మాంసం ఐదు శాతం దాటితే ఆ పరీక్ష చెల్లదు. ఎంత జాగ్రత్త పడ్డా, గ్రాముకు మూడు పురుగుల లోపు ఉంటే దొరక్కపోవచ్చు. ట్రైకినెల్లా స్యూడోస్పైరాలిస్ అనే మరో జాతి తిత్తే కట్టదు కాబట్టి పాత పలకల పద్ధతిలో కంటికి ఆనేదే కాదు. దీనికి 1972లో గానీ పేరు పెట్టలేదు.

రోగం తగ్గడానికి తనిఖీ కన్నా పందుల మేత ఎక్కువ తోడ్పడింది. పచ్చి మాంసం వ్యర్థాలు, చచ్చిన ఎలుకలు తిన్న పందికే ఇది అంటుతుంది. 1950లలో అమెరికాలో మరో పంది జబ్బు కారణంగా చెత్తను ఉడికించకుండా పెట్టకూడదన్న చట్టాలు వచ్చాయి. ట్రైకినెల్లాకు అదే దెబ్బయింది. 1940ల చివర ఏటా 400 కేసులుండే దేశంలో ఇప్పుడు ఇరవైలోపే, వాటిలోనూ అడవి జంతువుల మాంసం వాటా పెద్దది.

వంటింటి లెక్క సులువు. 60 డిగ్రీల్లో ఒక నిమిషానికి పిల్లపురుగు చస్తుంది, 54.4 దగ్గర మాత్రం అరగంట కావాలి. ముక్క నడుమ కొలవాలి, అంచున కాదు. మైక్రోవేవ్‌లో ఒక మూల చల్లగా మిగిలిపోతుంది. ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, పొగబెట్టడం నమ్మదగినవి కావు. పంది మాంసమైతే 15 సెంటీమీటర్లకు మించని ముక్కల్ని మైనస్ 15 డిగ్రీల్లో 20 రోజులు గడ్డకట్టిస్తే చాలు. ఎలుగుబంటి, వాల్రస్ మాంసంలోని ట్రైకినెల్లా నేటివా అనే జాతికి ఈ చలి ఆనదు, నెలల తరబడి బతికే ఉంటుంది. 2011లో అమెరికా పంది మాంసం ముక్కల వేడిని 71 నుంచి 63 డిగ్రీలకు తగ్గించి మూడు నిమిషాలు ఆగమంది. వేట మాంసానికి ఆ సడలింపు ఇవ్వలేదు.