కార్తీకం వానలు, కాలువల పూడిక: మేం రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నెల్లూరు, తిరుపతి వైపు చిన్న మున్సిపాలిటీల్లో ఇంజనీరింగ్ పని చేస్తూ ఇరవై ఏళ్లు దాటాయి. మిగతా రాష్ట్రం సెప్టెంబరు దాటాక కాస్త తేరుకుంటుంది, మాకు టెన్షన్ మొదలయ్యేదే అప్పుడు. ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది, అదీ రోజూ కొంచెం కొంచెంగా కాదు, ఒక వాయుగుండం వచ్చి రెండు రోజుల్లో కుమ్మరించి పోతుంది. నీళ్లు ఇంట్లోకొచ్చిన మర్నాడు ఫోన్లో వినే మాటలు ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నా.

అపోహ: "ఎండాకాలంలో పూడిక తీశారు కదా, మళ్లీ నీళ్లెందుకొచ్చాయి?"

తీశాం, నిజమే. మే నెలలో. నైరుతి వానలు ముందు పడే ఊళ్లకి అది సరైన టైమ్. మాకు ఆ పని సెప్టెంబరు చివర్లో పడాలి, ఎందుకంటే మేలో తీసిన కాలువలోకి ఆ ఐదు నెలల్లో రోడ్డు మీది దుమ్ము, ఇళ్లు కట్టేవాళ్ల ఇసుక, కంకర అన్నీ మళ్లీ చేరతాయి.

ఇంకొకటి, ఎక్కడ తీశామన్నది. ఒక ఏడు మేం బజారు వీధి కాలువని దాదాపు ముప్పావు కిలోమీటరు అడుగు సిమెంటు కనిపించేదాకా తీశాం. చివర, కూరగాయల మార్కెట్ వెనక నుంచి వాగులో కలిసే ముక్క మాత్రం ట్రాక్టర్ పోయే దారి లేదని తర్వాత చూద్దామనుకున్నాం. మొదటి వానకి పైనుంచి నీళ్లు ఎప్పుడూ లేనంత వేగంగా దిగి, ఆ చివర తగులుకుని, పక్కనున్న పల్లపు కాలనీలోకి మళ్లాయి. అంతకు ముందు మోకాలి లోతు వచ్చే వీధిలో ఆసారి నడుం లోతు. ఒక పెద్దావిడ అరుగు మీద మంచం వేసుకుని కూర్చుని, "మీరు తియ్యకముందే బాగుండె నాయనా" అంది. ఏం చెప్పాలి? ఆమె చెప్పింది అక్షరాలా కరెక్ట్. అప్పటినుంచి నేను ఏ కాలువనైనా కింద నుంచి పైకే తీయిస్తాను, ముందు వాగులో కలిసే చోటు, ఆ తర్వాతే బజారు. ఫోటోలకి బజారు బాగుంటుంది, కానీ నీళ్లు ఆగేది చివర్లో.

తీసిన పూడిక సంగతి కూడా. తడి బురదని వెంటనే ఎత్తలేం, లారీలోంచి దారిపొడవునా కారుతుంది. అందుకని ఒడ్డున పోసి ఒకటి రెండు రోజులు ఆరనిస్తాం. ఆ రెండు రోజులు రెండు వారాలైతే, మధ్యలో ఒక వాన పడితే, అదంతా తిరిగి కాలువలోకే. బిల్లు మాత్రం తీసినట్టే ఉంటుంది. మీ వీధిలో గుట్ట మూడో రోజుకీ కదలకపోతే గట్టిగా అడగండి, అది మీ హక్కు.

అపోహ: "కాలువ సగం ఖాళీగానే ఉంది, ఇబ్బందేం లేదు"

ఇది చదువుకున్నవాళ్లు కూడా అంటారు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కాలువ తీసుకోండి. అందులో మూడో వంతు పూడితే మోసే నీళ్లు మూడో వంతే తగ్గవు, సుమారు 40 శాతం తగ్గుతాయి. సగం పూడితే 60 శాతం దాకా పోతుంది. లోతు తగ్గేకొద్దీ ఉన్న కాసిని నీళ్లకి అడుగు, గోడల రాపిడి ఎక్కువై వేగం కూడా పడిపోతుంది. పైగా ఇది నున్నటి పూడికకి వేసిన లెక్క. మధ్యలో కేబుల్ పైపులు, మంచినీళ్ల పైపులు అడ్డంగా పోయి, వాటికి చీరముక్కలు చుట్టుకుని ఉండే మన కాలువల్లో ఇంకా తక్కువే.

అపోహ: "అంతా ప్లాస్టిక్ వల్లే"

కవర్లు కంటికి కనబడతాయి కాబట్టి తిట్లన్నీ వాటికే. తూము మూతల దగ్గర అడ్డుపడేవి అవే, కాదనను. కానీ పలక లేపి చూస్తే అడుగున ఉండేది ఎక్కువగా ఇసుక, సిమెంటు పెళ్లలు, మట్టి. మా మనుషులు బయటికి లాగిన వాటిల్లో తలగడలు, కొబ్బరి మట్టలు, కార్తీక పౌర్ణమికి వదిలిన అరటి దొప్పలు, ఒకసారి ఏకంగా కుట్టుమిషను పెడలు.

అన్నిటికన్నా కష్టమైనది గేటు ముందు వేసే ర్యాంపు. బండి ఎక్కడానికి కాలువ మీద పదడుగులు స్లాబు పోసేస్తారు, చెయ్యి పెట్టే సందు కూడా ఉంచరు. వరసగా ముప్పై ఇళ్లు అలా కడితే అది కాలువ కాదు, కాంక్రీటు గొట్టం. తియ్యమంటే "ముందు ఎదురింటివాళ్లది తియ్యండి సార్" అంటారు. కనీసం రెండడుగుల పలక ఒకటి లేపేలా ఉంచితే చాలు, మా పని సగం తేలికవుతుంది.

అపోహ: "డ్రెయిన్లు బాగుంటే వరదే రాదు"

ఊరి కాలువలు ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి వచ్చే వానకి లెక్కేసి కట్టేవి. రెండున్నర ఎకరాల కాలనీ మీద ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్లు, అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు యాభై. 2021 నవంబరు 18న తిరుపతిలో లాగా కొండ మీద నుంచి కపిలతీర్థం మీదుగా నీళ్లు ఊళ్లోకి దూకితే ఏ వీధి కాలువా ఆపలేదు. శుభ్రంగా ఉన్న కాలువ చేసేదల్లా ఒకటే, మూడు రోజులు నిలిచే నీళ్లని కొన్ని గంటల్లో దింపుతుంది. బురద ఎత్తిపోసుకున్న ఇంటివాళ్లని అడగండి, ఆ తేడా ఎంతో చెబుతారు.

ఇంకో చిక్కు, కాలువ కలిసే వాగో నదో నిండుగా ఉంటే నీళ్లు బయటికి పోవు సరికదా, ఎదురు తంతాయి. కలిసే చోట వెనక్కి రాకుండా మూసుకునే తలుపు ఉండాలి. ఉన్నచోట దానికి గ్రీజు పెట్టాలి. తుప్పుపట్టి తెరుచుకునే ఉండిపోయిన తలుపులు ఎన్ని చూశానో.

అపోహ: "డ్యామ్ గేట్లు ఒక్కసారి ఎత్తేశారు, అందుకే మునిగాం"

కొన్నిసార్లు హెచ్చరిక ఆలస్యమవుతుంది, దానికి కోపం రావడం న్యాయమే. కానీ లెక్క చూడండి. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. 2021 నవంబరులో పెన్నా మీది సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది. అలాంటి ప్రవాహం ఒక్క రోజు సాగితే 43 టీఎంసీలు. సోమశిల మొత్తం పట్టేదే 78. సగం ఖాళీగా ఉన్నా ఒక రోజులో నిండిపోతుంది. పోనీ ఏటా నవంబరులో ఖాళీ పెట్టుకుందామా అంటే, వాయుగుండం రాని ఏడు నెల్లూరు పొలాలకి, కండలేరు మీదుగా మద్రాసు తాగునీటికి ఏం ఇస్తాం? ఆ 2021 వరదకే నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. నది ఒడ్డున కట్టిన రోడ్లూ పట్టాలూ నీళ్లకి అడ్డుకట్టల్లా నిలబడితే, పారడానికి ఉన్న ఖానాలు చాలకపోతే, నీళ్లు వాటంతట అవే దారి చేసుకుంటాయి.

అపోహ: "ఇసుక తీస్తే నది లోతవుతుంది, వరద తగ్గుతుంది"

ఈ మాట ఎవరు ఎక్కువగా అంటారో మీకు తెలుసు. అక్కడో గొయ్యి ఇక్కడో గొయ్యి తవ్వితే అవి ముందు నిండుతాయి, ఆపైన వరద ఎప్పటిలాగే పోతుంది. నది ఎంత మోస్తుందన్నది వాలు మీద, అన్నిటికన్నా ఇరుకైన చోటు మీద ఆధారపడుతుంది. గోతుల వల్ల వచ్చేది బ్రిడ్జి స్తంభాల కింద మట్టి కోసుకుపోవడం, గట్లు జారడం. నది మధ్యలో అడవిలా పెరిగిన సర్కారు తుమ్మని వేళ్లతో పీకడం, బ్రిడ్జి ఖానాల కింద పేరుకున్న దిబ్బలు తియ్యడం మాత్రం నిజంగా ఉపయోగం. ఆ పనికి మాత్రం లారీలు వరస కట్టవు.

అపోహ: "ఈ ఏట్లో నీళ్లు చూసి ఎన్నాళ్లో అయింది"

రాజంపేట వైపు పారే చెయ్యేరు గురించీ అలాగే అనుకునేవాళ్లు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున దాని మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట మీద పడింది. ఎండిన ఏరు పక్కన ప్లాటు చౌకగా వస్తుంటే, రేటు తగ్గించమని బేరం ఆడకండి. పాత వరద ఎంతదాకా వచ్చిందో పక్క ఊరి పెద్దవాళ్లని అడగండి, గుడి గోడ మీద గుర్తు చూపిస్తారు.

అపోహ: "మ్యాన్‌హోల్ మూత తీస్తే వాన నీళ్లు దిగిపోతాయి"

దిగవు. అది మరుగుదొడ్ల నీళ్ల లైను, వాన నీటికి కట్టింది కాదు. నిండగానే కింద వీధి ఇళ్లలో బాత్రూముల్లోంచి పైకి తన్నుతుంది. పైగా బురద నీళ్లలో తెరిచిన మూత ఎవరికీ కనిపించదు. ప్రతి వానకీ రాత్రి పదకొండింటికి టార్చి, పొడవాటి వెదురు కర్ర పట్టుకుని మా వాళ్లు వెతుక్కుంటూ తిరిగేది ఎవరో తీసి వదిలేసిన ఆ మూతల కోసమే.