చిక్, కిడ్, పప్పీ: మనుషుల్ని అనే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో చాలా ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. గ్రామర్ తప్పితే ఎదుటివాళ్లు సర్దుకుపోతారు. మనిషిని పిలిచే మాట తప్పితే మాత్రం మనసులో పెట్టుకుంటారు. జంతువుల పిల్లల పేర్ల దగ్గర మన పిల్లలు పడే తికమక చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: చిక్ అంటే కోడిపిల్ల. అమ్మాయిని అలా అంటే ముద్దుగా అన్నట్టే.

వాస్తవం: కాదు. నా దగ్గర నేర్చుకుని బెంగళూరులో ఉద్యోగంలో చేరిన ఒక అబ్బాయి, ఆఫీసు చాట్‌లో తోటి ఉద్యోగిని గురించి ‘అకౌంట్స్ చిక్’ అని రాశాడు. ఆమె చూసింది. మేనేజర్ పిలిచి సంజాయిషీ అడిగారు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "మన ఊళ్లో ఆ పిల్ల, ఈ పిల్ల అనమా మేడమ్? అలాంటిదే అనుకున్నా" అన్నాడు. బాగా టెన్షన్‌లో ఉన్నాడు.

మన ‘పిల్ల’ మాత్రం అన్నిచోట్లా ఒకటేనా? అమ్మమ్మ ‘మా పిల్ల’ అంటే ప్రేమ. బ్యాంకు కౌంటర్లో కూర్చున్న ఆఫీసరమ్మను చూపించి ‘ఆ పిల్లనడుగు’ అంటే చిన్నచూపు. చిక్ కూడా ఒకప్పుడు చిన్నపిల్లల్ని ముద్దుగా పిలిచిన మాటే. 20వ శతాబ్దంలో అమెరికా వాడుకలో యువతులకు అంటుకున్నాక, ఆడమనిషిని వయసుతో, అందంతో తూచే మాటయింది. స్నేహితురాళ్లు తమలో తాము అనుకుంటే వాళ్లిష్టం. ఆఫీసులో మాత్రం వద్దు.

అపోహ: కిడ్ అంటే మేకపిల్ల కాబట్టి అది తిట్టు.

వాస్తవం: స్కూలు కార్డు మీద ‘కిడ్స్’ అని ఉందని విని, కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక తాతగారు "మా మనవడు మేకపిల్లా అమ్మా?" అని నన్నడిగారు. జీవాలు మేపిన మనిషి. ఆయన పట్టుకున్న అర్థం సరైనదే, అసలు అర్థం అదే. పిల్లవాడు అనే అర్థం 16వ శతాబ్దం చివర్లో, అదీ నాటు మాటగా వచ్చింది. ఇప్పుడు ఇళ్లలో అందరూ అంటారు, తప్పేం లేదు. కాకపోతే అర్జీల్లో, నివేదికల్లో చైల్డ్, చిల్డ్రన్ అనే రాయాలి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం పేరులో ఉన్నది చైల్డే. పాతికేళ్ల ఉద్యోగిని ‘కిడ్’ అంటే మాత్రం, నీకింకా ఏమీ తెలియదని అన్నట్టే. మనం పిల్లకాకి అనడం లేదూ, అలాగే.

అపోహ: జంతువు పిల్ల పేరుతో మనిషిని పిలిస్తే ఎప్పుడూ అవమానమే.

వాస్తవం: ‘ఒంగోలు గిత్తలా ఉన్నాడు’ అంటే మనకు మెచ్చుకోలు. పులికూన అన్నా అంతే. ఇంగ్లీషులో ల్యాంబ్ (గొర్రెపిల్ల) అంటే బంగారుకొండ లాంటి పిలుపు. కబ్ (సింహం, తోడేలు లాంటి జంతువు పిల్ల) రెండు వైపులా పోతుంది. షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకంలో ఒక ప్రభువు కోపంతో తన సేవకుణ్ణి కపటి కబ్ అంటాడు. 1916లో స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ చిన్న స్కౌట్లకు వుల్ఫ్ కబ్స్ (తోడేలు పిల్లలు) అని పేరు పెడితే పిల్లలు గర్వంగా చేరారు. హెఫర్ అలా కాదు. డెయిరీలో మాట్లాడితే ఇంకా ఈనని పెయ్య, ఆడవాళ్లను అంటే పచ్చి తిట్టు.

అపోహ: స్మాల్ ఫ్రై అంటే కొద్దిగా వేపుడు.

వాస్తవం: నెల్లూరు వైపు చేపల చెరువుల వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఫ్రై అంటే చేపపిల్లలు. మనుషుల్ని స్మాల్ ఫ్రై అంటే లెక్కలోకి రానివాళ్లని.

పప్, పప్పీ, వెల్ప్ మూడూ కుక్కపిల్ల పేర్లే. పప్ లేదా పప్పీ అని కుర్రవాణ్ణి తిడితే పొగరుబోతు అని, వెల్ప్ అంటే తలబిరుసు కుర్రకుంక అని అర్థం. ఇవి ఎక్కువగా పాత పుస్తకాల్లోనే కనిపిస్తాయి. చదివి అర్థం చేసుకుంటే చాలు.

డిక్షనరీలో అర్థం పక్కనే ఇన్‌ఫార్మల్ (మామూలు మాటల్లో వాడేది), డెరోగేటరీ (కించపరిచేది), డేటెడ్ (పాతబడింది) అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన పిల్లలు అర్థం చూసి పేజీ మూసేస్తారు, నేను దాన్ని ముందు చదివిస్తాను. ఆ రాత్రి ఆ అబ్బాయితో క్షమాపణ మెయిల్ రాయించాను. మొదటి డ్రాఫ్టులో ‘ఆ లేడీ’ అని రాశాడు. అది తీసేయించి, ఆమె పేరు రాయమన్నాను.