వారానికి ఒక గంట ఆట

1986లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలను వెతికారు. 9 నుంచి 24 నెలల మధ్య వయసున్న 129 మంది ఆ అధ్యయనంలో చేరారు. వాళ్ళను లాటరీ తీసినట్టు నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు వారానికి కిలో చొప్పున పాలపొడితో చేసిన ఆహారం ఇచ్చారు. రెండో జట్టు పిల్లల ఇళ్ళకు వారానికోసారి ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు బిడ్డను ఆడించింది. మూడో జట్టుకు రెండూ దక్కాయి. నాలుగో జట్టుకు ఈ రెండూ లేవు. వైద్యం మాత్రం అందరికీ ఉచితం. ఇలా రెండేళ్ళు సాగింది. ఈ పనిని నడిపించిన శాస్త్రవేత్త శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్.

ఆ గంటలో జరిగిందేమిటో వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, అట్టముక్కలు, పాత గుడ్డలతో చేసిన బొమ్మలు. ఈ వారం ఇచ్చిన బొమ్మను వచ్చే వారం తీసుకుని ఇంకోటి ఇచ్చేవాళ్ళు. ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లు చెప్పడం, నీళ్ళు పోసేటప్పుడు బిడ్డతో మాట్లాడడం, బిడ్డ ఏదైనా చేయగలిగితే మెచ్చుకోవడం తల్లికి అలవాటు చేసేవాళ్ళు. గోరుముద్దలు పెడుతూ చందమామను చూపించే మన అమ్మమ్మలు ఏ శిక్షణా లేకుండా చేసేది కూడా ఇదే.

ఆ పిల్లలకు 22 ఏళ్ళు వచ్చాక పరిశోధకులు మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళారు. 105 మంది దొరికారు. పసితనంలో ఆ ఆటలు దక్కినవాళ్ళ సంపాదన దక్కనివాళ్ళ కంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. అదే వాడల్లో ఎత్తు సరిగా పెరిగిన పిల్లలతో వాళ్ళు సంపాదనలో సమానమయ్యారు. ఈ ఫలితం 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. వారానికో గంట, రెండేళ్ళు, ఒక మనిషి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా దాని జాడ జీతంలో కనిపించింది. ఈ విషయం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇంకో ఫలితం కూడా ఉంది, దాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఆహారం ఇవ్వడం వల్ల మొదట్లో పిల్లల ఎదుగుదల మెరుగుపడింది గానీ, పెద్దయ్యాక ఆ తేడా నిలవలేదు. దీన్ని చూపించి ఎవరైనా పిల్లల గుడ్డూ పాలూ తగ్గిస్తామంటే అది తప్పు. ఇక్కడ ఆహారం మొదలయ్యేటప్పటికే పిల్లలు గిడసబారిపోయారు. పైగా మెదడుకు ఆకలి ఎక్కువ. అయిదేళ్ళ బిడ్డ కదలకుండా పడుకున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు మెదడే తీసుకుంటుంది. తిండి లేకుండా అది నడవదు. తిండి ఒక్కటే పెడితే సరిపోదు అన్నది జమైకా చెప్పిన సంగతి.

పేదరికం బిడ్డ దగ్గరికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కంచం. రెండోది అమ్మానాన్నల అలసట. తెల్లవారుజామున కూలికి వెళ్ళి పొద్దుగూకాక వచ్చే తల్లికి, అప్పుల టెన్షన్‌లో ఉన్న తండ్రికి బిడ్డ మీద ప్రేమ తక్కువేం కాదు. మాట్లాడే ఓపిక, తీరిక మిగలవు. పేదవాళ్ళకు పిల్లల్ని పెంచడం తెలియదనే మాట నేను చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ బాధ కలిగింది.

మన దగ్గర ఈ రెండు దారులూ కలిసే చోటు అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన పథకం ఇప్పుడు దేశమంతటా దాదాపు 14 లక్షల కేంద్రాలుగా పెరిగింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం.

కేంద్రంలో ఉండేది ఒక టీచరు, ఒక ఆయా. బరువులు తూచాలి, బాలామృతం పంచాలి, గర్భిణుల వివరాలు రాయాలి, ఫోన్‌లో యాప్ నింపాలి, సర్వేలకు వెళ్ళాలి. ఇవన్నీ అయ్యాక ఆటపాటలకు ఎంత సమయం మిగులుతుందో ఏ టీచరును అడిగినా చెబుతుంది.

తమిళనాడులో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు దీన్నే పరీక్షించారు. 640 కేంద్రాలు తీసుకుని, సగం చోట్ల పిల్లల చదువు కోసం మాత్రమే రోజుకు సగం పూట పనిచేసే మరో మనిషిని పెట్టారు. ప్రీస్కూల్ బోధనకు దొరికే సమయం రెట్టింపైంది. లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. ఇంకో మంచి కూడా జరిగింది. మొదటి కార్యకర్తకు పోషణ మీద చూపు పెట్టే వెసులుబాటు దొరకడంతో ఎత్తు తగ్గిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. ఖర్చుకు ఎన్నో రెట్ల లాభం ఉంటుందని వాళ్ళ అంచనా. బడి భవనాలకు రంగులు వేయడం కంటే ఈ ఖర్చు ముందు జరగాలని నా అభిప్రాయం.

అయితే ప్రీస్కూల్‌కు వచ్చేది మూడేళ్ళు నిండినవాళ్ళు. జమైకా పిల్లలు మొదట్లో రెండేళ్ళు కూడా నిండనివాళ్ళు. ఆ వయసు బిడ్డకు అంగన్‌వాడీ నుంచి అందేది ప్రధానంగా ఇంటికి తీసుకెళ్ళే ప్యాకెట్, బరువు తూచడం, టీకాలు గుర్తుచేయడం. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ వరకు ఇంట్లో బిడ్డతో ఏమేం ఆడించవచ్చో చెప్పే 'నవచేతన' అనే మార్గదర్శకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024లో విడుదల చేసింది. అందులో ఉన్నవి జమైకా కార్యకర్త సీసాలతో, అట్టముక్కలతో ఆడించిన ఆటల్లాంటివే. వాటిని తల్లి పక్కన కూర్చుని చేసి చూపించడానికి ప్రతి కేంద్రంలో ఒక మనిషి కావాలి, ఆ మనిషికి నెలనెలా జీతం కావాలి.